సముద్రం పక్కనే 2,400 కిలోమీటర్లు, ఆరు రోజులు, రెండు బండ్లు: ప్లాన్ చూసి ఉన్నదున్నట్టు చెప్పండి

సగం_ట్యాంకు
నమస్తే అందరికీ. ఇక్కడ చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఈ వసంతంలో నేనూ మా తమ్ముడూ చెరో బండి వేసుకుని తీరం రోడ్డు మొత్తం ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగేద్దామనుకుంటున్నాం. వెళ్లేటప్పుడు సముద్రం పక్క రోడ్డు 1,500 కి.మీ., వచ్చేటప్పుడు లోపలి హైవే మీద 900. సెలవు ఎనిమిది రోజులు పెట్టాను. ముందొకరోజు సర్దుకోడానికి, వచ్చాక ఒకరోజు నడుం వాల్చడానికి తీసేస్తే చేతిలో ఆరు. తీరానికి నాలుగు, తిరుగు ప్రయాణానికి రెండు. సగటున రోజుకి 400 పడుతుంది. హైవే మీద ఒక్కరోజులో 650 వెళ్లినవాణ్ణి కాబట్టి అదేమంత పెద్ద విషయం కాదనే ధైర్యం.

బండ్లు రెండూ 350, 400 సీసీ మధ్యవి, చలికాలమంతా కవరు కిందే ఉన్నాయి. ఎక్కడ ఆగాలి, పెట్రోలు ఎక్కడ, రాత్రి పడక ఎక్కడ, అన్నీ గంటల లెక్కన ఎక్సెల్ షీటులో రాసుకున్నా, అదీ ఇక్కడ జత చేశా. మా తమ్ముడు అది చూసి "ఇది ట్రిప్పా, రైల్వే టైంటేబులా" అన్నాడు. మీరేమంటారు?

మట్టిరోడ్డు
తమ్ముడే కరెక్ట్.

లెక్కల_మాస్టారు
షీటు వేయడం తప్పు కాదు బాబూ, షీటులో వేసిన సగటు వేగం తప్పు. మీరు హైవే వేగాన్ని తెచ్చి తీరం రోడ్డు మీద పెట్టారు. సముద్రం పక్క రోడ్డు కొండ అంచు పట్టుకుని మెలికలు తిరుగుతుంది, ప్రతి ఊరి మధ్య నుంచీ పోతుంది, ప్రతి వాగు మీదా ఇరుకు వంతెన ఉంటుంది. అక్కడ మీటరు 70 చూపిస్తున్నా గంట తిరిగేసరికి వెనక్కి చూస్తే 45 కి.మీ. వచ్చి ఉంటారు. 1,500ని నాలుగుతో భాగిస్తే రోజుకి 375. దాన్ని 45తో భాగిస్తే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు, అదీ చక్రం తిరుగుతూ ఉన్న సమయం మాత్రమే. పెట్రోలు, తిండి, ఒళ్లు విరుచుకోడం, ఫోటోలు, దారి తప్పడం కలిపి మూడు గంటలు వేసుకోండి. పదకొండు గంటల ఇరవై నిమిషాలు అయింది. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానం, అంటే వెలుగుండేది పన్నెండు గంటలు. మిగిలింది అరగంట చిల్లర. ఆ అరగంటలో ఒక పంక్చరు, ఒక వాన, ఒక రోడ్డు మరమ్మతు పట్టాలి. పట్టదు.

సగం_ట్యాంకు
మాస్టారూ, ఇలా చెబుతారని తెలిసే ఇన్నాళ్లూ అడగలేదు.

ఎదురుగాలి
ఆ అరగంట కూడా దక్కదు, ఎందుకంటే పన్నెండు గంటలూ ఒకేలా ఉండవు. తీరం మీద వసంతంలో అసలు సమస్య గాలి. నేల ఎండకి తొందరగా వేడెక్కుతుంది, సముద్రం మాత్రం చలికాలపు చల్లదనాన్ని ఇంకా ఒకటి రెండు నెలలు పట్టుకునే ఉంటుంది. ఆ తేడా వసంతంలోనే ఎక్కువ. పొద్దున పది, పదకొండు నుంచి సముద్రపుగాలి మొదలై మధ్యాహ్నం రెండు మూడు గంటలకి బలం పుంజుకుని పొద్దుగూకాక తగ్గుతుంది. మీ షీటులో చూస్తే రోజులో ఎక్కువ దూరం సరిగ్గా పన్నెండు నుంచి ఐదు మధ్య పెట్టుకున్నారు.

గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. పొద్దున గంటకి 20 కి.మీ. ఉన్నది మధ్యాహ్నం 40 అయితే "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది గానీ బండికి మాత్రం నాలుగు రెట్లు. అదీ నిలకడగా ఉంటే పర్వాలేదు, కాస్త ఒరిగి వెళ్లిపోవచ్చు. రెండు గుట్టల మధ్య సందులోంచీ, వంతెన మొదట్లోనూ, లారీని దాటిన మరుక్షణమూ ఒక్కసారి కొడుతుంది చూడండి, అక్కడే గుండె జారేది.

కొత్తక్లచ్
అన్నా, అప్పుడేం చేయాలి? నేను ఒకసారి వంతెన మీద హ్యాండిల్ గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయాను, బండి ఇంకా ఎక్కువ ఊగింది.

ఎదురుగాలి
ఊగింది బండి కాదు తమ్ముడూ, నువ్వు. గాలి నీ భుజాల్ని తోస్తుంది, భుజాలు బిగుసుకుని ఉంటే ఆ తోపు నేరుగా హ్యాండిల్‌లోకి దిగుతుంది. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకో, చేతులు వదులుగా పెట్టు, మోచేతులు కిందికి వంచు, ఛాతీ కొంచెం ట్యాంకు మీదికి దించు. వేగం తగ్గించు. లేన్‌లో గాలి వచ్చే వైపుకి కొంచెం జరిగి నడుపు, తోసినా పక్కన చోటుంటుంది. అప్పటికీ బండి నీ మాట వినట్లేదంటే ఆపేయి. ఆపడంలో సిగ్గేం లేదు.

నేను అడ్రియాటిక్ తీరం రోడ్డు మీద క్రొయేషియాలో సెన్య్ అనే ఊరి దగ్గర చూశాను. అక్కడ కొండల మీద నుంచి సముద్రంలోకి దూకే బోరా అనే గాలి ఉంది. అది లేచిందంటే రోడ్డు మీద బోర్డు పెట్టి ముందు బైకుల్నే ఆపేస్తారు, కార్లు పోతూనే ఉంటాయి. మేం నలుగురం పెట్రోలు బంకు గోడ చాటున సగం రోజు కూర్చున్నాం. ఒకడు విసుగొచ్చి హెల్మెట్ తీసి సీటు మీద పెట్టాడు. అది రోడ్డు దాటి అవతల పొదల్లో దొరికింది.

స్పానర్_మామ
మీరు గాలి గురించి తర్వాత మాట్లాడుకోండి. చలికాలమంతా కవరు కిందే ఉన్నాయన్నాడు, అది ఎవరికీ వినపడలేదా?

సగం ట్యాంకూ, ముందు బ్యాటరీ చూడు. చార్జింగ్ తీసి కొన్ని గంటలయ్యాక మీటరు పెడితే 12.6 వోల్టులు, ఆ పైన ఉండాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. చార్జి పెట్టినా రెండు రోజుల్లో మళ్లీ దిగుతోందంటే దానికి నూకలు చెల్లినట్టే, దారిలో మొండికేసే దాకా ఆగకు. తర్వాత టైర్లు. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1419 అని ఉంటే 2019లో పద్నాలుగో వారం. పళ్లు ఎంత బాగున్నా రబ్బరు గట్టిపడిపోయుంటే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. పక్కగోడలు వేలితో నొక్కి సన్న పగుళ్లు ఉన్నాయేమో చూడు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే మార్చేయి, కొండ దిగుతున్నప్పుడు లివర్ మెత్తబడితే ఏం చేస్తావు? క్లచ్ కేబుల్ లివర్ దగ్గర పోగులు తెగుతున్నాయేమో చూడు. కొత్త కేబుల్ ఒకటి పాతదాని పక్కనే టేపు వేసి పరిచి పెట్టుకో, తెగిన రోజు పది నిమిషాల పని.

ఇవన్నీ బయల్దేరే ముందురోజు చేసే పనులు కావు. మూడు వారాల ముందు చేసి, ఆ తర్వాత సామాను మొత్తం ఎక్కించి ఒకరోజు 200 కి.మీ. తిరిగిరా. ఏది వదులవుతుందో, ఏది రాసుకుంటుందో, ఎక్కడ నొప్పెడుతుందో అన్నీ ఆ ఒక్కరోజులో బయటపడతాయి. మావాళ్లు నూటికి తొంభై మంది ఈ పని మాత్రం చేయరు.

మట్టిరోడ్డు
మామ లిస్టు చూస్తే ఇంట్లోంచి కదలబుద్ధి కాదు. నేను ఒక సంచీ, ఒక ప్లాస్టిక్ షీటుతో తీరం అంతా తిరిగాను, ఏం కాలేదు.

స్పానర్_మామ
నీకేం కాలేదు, నీ చైనుకి అయింది. ఆ ట్రిప్పు నుంచి వచ్చాక నీ బండి విప్పింది ఎవరు?

మట్టిరోడ్డు
అది వేరే విషయం మామా.

స్పానర్_మామ
వేరే విషయం కాదు, అదే విషయం. సముద్రం పక్కన గాల్లో ఉప్పు ఉంటుంది, కంటికి కనపడదు. రాత్రి పూట ఆ తేమ బండి మీద దిగి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. చైను మీద లూబ్ (చైనుకి వేసే నూనె) ఎండిపోయి ఎర్రగా తుప్పు తేలుతుంది. మామూలుగా 500 నుంచి 800 కి.మీ.కి ఒకసారి లూబ్ వేస్తాం కదా, తీరం మీద రోజూ సాయంత్రం వేయాలి. బండి ఆపగానే, చైను వెచ్చగా ఉన్నప్పుడే వేస్తే లోపలికి పాకుతుంది. పొద్దున వేసి వెంటనే బయల్దేరితే సగం నీ వెనక చక్రం మీదికే ఎగురుతుంది. ఓ-రింగ్ చైనుని, అంటే లింకుల మధ్య రబ్బరు రింగులుండేదాన్ని, పెట్రోలుతో కడిగితే ఆ రబ్బరు రింగులు పాడవుతాయి, కిరసనాయిలుతో గుడ్డ తడిపి తుడుచుకో, లేదా దానికోసం అమ్మే క్లీనర్ వాడుకో.

రెండు రోజులకోసారి బండి మీద మామూలు మంచినీళ్లు పోయి. బకెట్టూ మగ్గూ చాలు. ప్రెషర్ పైపు పెట్టి చక్రాల బేరింగుల మీదా, స్విచ్చుల మీదా కొట్టకు, ఉప్పునీళ్లని లోపలికి తోసినట్టే. కడిగాక కాస్త దూరం నడిపి బ్రేకులు రెండు మూడు సార్లు పట్టి ఆరనీయి. వైరింగ్ కనెక్టర్లలో డైఎలక్ట్రిక్ గ్రీజు (తేమని లోపలికి రానివ్వని, కరెంటు పారనివ్వని గ్రీజు) ముందే రాసిపెట్టుకుంటే ఆకుపచ్చ తుప్పు పట్టదు.

వెనకసీటు
మగవాళ్లంతా చైను దగ్గరే ఆగిపోయారు. నేను పదకొండేళ్లుగా వెనక కూర్చుని తిరుగుతున్నదాన్ని, రెండేళ్లుగా నా బండి నాది. సగం ట్యాంకు గారూ, బట్టల గురించి ఒక్కమాటా రాయలేదు మీరు.

వసంతం అనగానే అందరూ మధ్యాహ్నపు ఎండని తలచుకుని సర్దుకుంటారు. పొద్దున 8 డిగ్రీలు ఉన్నప్పుడు 80లో వెళ్తే ఒంటికి తగిలే చలి 2 డిగ్రీల దగ్గర ఉంటుంది. గంటలో వేళ్లు మొద్దుబారతాయి, క్లచ్ ఎంత వదులుతున్నామో తెలీదు. చలికి ముందు పోయేది బుర్ర, వణుకు తర్వాత. ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోలేక, "ఇంకో ఊరు దాటుదాం" అనుకుంటూ పోతాం. అదే రోజు మధ్యాహ్నం 24 డిగ్రీల్లో అదే జాకెట్‌లో ఉడికిపోతాం. కాబట్టి ఒక లావుపాటి జాకెట్ వద్దు, పొరలు వేసుకోండి. లోపల చెమట పీల్చేది, మధ్యలో వెచ్చగా ఉండేది, పైన గాలి ఆగేది. లోపలి పొర కాటన్ వద్దు, తడిస్తే ఆరదు. రెయిన్‌కోటు జాకెట్ మీద పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకోండి, అది వాన లేకపోయినా పొద్దున చలిగాలికి పనికొస్తుంది. గ్లవ్స్ రెండు జతలు. ఈ రెండో జత విషయంలో నేను ఎవరి మాటా వినను.

చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. 100 వేగంలో హెల్మెట్ లోపల గాలి మోత 95 డెసిబెల్స్ దాటుతుంది, రోజంతా అది వింటే సాయంత్రానికి వచ్చే అలసట సగం దానివల్లే. చాలామంది "హారన్లు వినపడవు" అంటారు. గాలి హోరు తగ్గితే హారన్లు ఇంకా బాగా వినపడతాయి.

కొత్తక్లచ్
అక్కా, కొన్నిచోట్ల ఇయర్ ప్లగ్స్ నిషేధం అంటారు కదా?

వెనకసీటు
అవును, చోటుని బట్టి రూల్ మారుతుంది, వెళ్లే ముందు చూసుకో. నిషేధం ఉన్నచోట గాలి తక్కువ వచ్చే హెల్మెట్, మెడకి బఫ్ (గొట్టంలా తొడుక్కునే గుడ్డ), ఇంకా ముఖ్యంగా తక్కువ వేగం.

సగం_ట్యాంకు
అక్కా, మీరు చెప్పినట్టు చూస్తే నా దగ్గర ఒక జత గ్లవ్సూ, ఒక లావుపాటి జాకెట్టూ ఉన్నాయి. తమ్ముడి దగ్గర అవీ లేవు.

ఇంకో సందేహం. ఏ చివర నుంచి మొదలుపెట్టాలి? మాకు రెండూ కుదురుతాయి. ఎడమ వైపు నడిపే దేశంలో సముద్రం ఎడమ పక్కన ఉండేలా వెళ్తే బాగుంటుందని ఎవరో అన్నారు.

ఎదురుగాలి
చూడ్డానికైతే అదే బాగుంటుంది. సముద్రానికీ మీకూ మధ్య ఇంకో లేన్ ఉండదు, ఆగాలనిపిస్తే ఎదురొచ్చే వాళ్లని దాటకుండా పక్కకి దిగిపోవచ్చు. ఆస్ట్రేలియాలో గ్రేట్ ఓషన్ రోడ్డు మీద టార్కీ నుంచి పడమరకి బయల్దేరితే సముద్రం ఎడమ చేతి పక్కనే, చాలామంది అలాగే వెళ్తారు. అక్కడ వసంతమంటే సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, అది వేరే సంగతి. కాలిఫోర్నియాలో కుడి వైపు నడుపుతారు కాబట్టి హైవే 1 మీద ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తే సముద్రం కుడి పక్కన, పైగా అక్కడ వసంతంలో గాలి వాయువ్యం నుంచి వీస్తుంది, వీపు మీద తోస్తూ సాగనంపుతుంది. ఎదురు వెళ్లినవాడు రోజంతా దానితో కుస్తీ పడతాడు, మైలేజీ కూడా పడిపోతుంది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. సముద్రం మీ పక్కన ఉంటే మధ్యాహ్నపు సముద్రపుగాలి మిమ్మల్ని రోడ్డు మధ్యకి, ఎదురొచ్చే లారీల వైపుకి తోస్తుంది. సముద్రం అవతలి పక్కన ఉంటే అదే గాలి కొండ వైపుకి తోస్తుంది. అందుకని నేనైతే ముందు ఆ నెలలో అక్కడ తీరం వెంబడి గాలి ఎటు నుంచి ఎక్కువ వీస్తుందో చూస్తా, దాన్ని వీపు మీద పెట్టుకుంటా, వ్యూ గురించి తర్వాత ఆలోచిస్తా.

లెక్కల_మాస్టారు
ఎండ కూడా చూసుకోండి. మార్చి 20 చుట్టుపక్కల సూర్యుడు కచ్చితంగా తూర్పున లేచి పడమరన దిగుతాడు. మీ రోడ్డు పడమరకి సాగే రోజు సాయంత్రం ఐదు తర్వాత ఎండ సరిగ్గా హెల్మెట్ ముందుండే వైజర్‌లోకి కొడుతుంది. దాని మీద ఉప్పు పొర ఉంటే ఇక కనపడేదేం లేదు. వైజర్‌ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, తడిగుడ్డ రెండు నిమిషాలు కప్పి ఉంచి తీయండి.

మట్టిరోడ్డు
మధ్యాహ్నం గాలి, సాయంత్రం ఎండ, రాత్రి చీకటి. మరి నడిపేది ఎప్పుడు?

ఎదురుగాలి
పొద్దున్నే.

వెనకసీటు
పొద్దున్నే పొగమంచు! వెచ్చటి తేమగాలి చల్లటి సముద్రం మీదుగా వస్తే మంచు కమ్ముతుంది, వసంతంలోనే ఎక్కువ. మామూలు పొగమంచులా ఎండ రాగానే పోదు. ఒక మలుపులో ఎండ ఉంటుంది, మలుపు తిరగ్గానే తెల్లటి గోడ. ఎదురుగాలి గారూ, మీరు ఐదింటికి లేచి బయల్దేరమంటారేమోనని ముందే చెబుతున్నా.

ఎదురుగాలి
లేదు లేదు. వెలుగు బాగా వచ్చాక ఏడున్నర, ఎనిమిదికి బయల్దేరి ఒంటిగంటకి ఆ రోజు దూరంలో ముప్పావు వంతు అయిపోవాలి. మంచు ఉంటే కాఫీ ఇంకో కప్పు. మధ్యాహ్నం తిండి నింపాదిగా తిని, గాలి ఎలా ఉందో చూసుకుని, మిగిలిన అరవై డెబ్బై కి.మీ. వెళ్లి నాలుగింటికల్లా బండి దిగాలి. ఇలా లెక్కేస్తే రోజుకి 220, 250 మించదు. సముద్రం చూడ్డానికి వెళ్తూ నాలుగింటికి దిగి దాని ఒడ్డున కూర్చోకపోతే ఇక ఎందుకు?

సగం_ట్యాంకు
ఇప్పుడే షీటులో 240 వేసి చూశా. 1,500 కి ఏడు రోజులు. నా దగ్గర లేవు. ఒకటి రెండు రోజులు గట్టిగా తోసి 450 లాగేసి మిగతావి తగ్గించుకుంటే?

లెక్కల_మాస్టారు
మొదటిరోజు 450 లాగినవాడు రెండోరోజు 240 కూడా సంతోషంగా నడపడు. అదీగాక ఏ రోజు లాగాలో మీ చేతిలో ఉండదు. ఒక ఉదాహరణ చెబుతా. 2017 మే నెలలో కాలిఫోర్నియాలో బిగ్ సర్ దగ్గర మడ్ క్రీక్ అనే చోట కొండ మొత్తం జారి హైవే 1 మీద పడింది. మళ్లీ తెరిచింది 2018 జూలైలో. 2021 జనవరిలో ర్యాట్ క్రీక్ దగ్గర వానకి రోడ్డే సముద్రంలోకి కొట్టుకుపోయింది. చలికాలం వానలు నానబెట్టిన కొండలు వసంతం దాకా జారుతూనే ఉంటాయి. లోపలి రోడ్డు మూసేస్తే పక్క రోడ్డు ఉంటుంది. తీరం మీద ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్లు. మూసేశారంటే వచ్చిన దారినే వెనక్కి, ఒక్కోసారి వంద కిలోమీటర్లు. బయల్దేరే ముందురోజు రాత్రి కాదు, దారిలో రోజూ పొద్దున రోడ్డు శాఖ వాళ్ల మూసివేతల పేజీ చూడాలి. కాబట్టి నాలుగు రోజులకొకటి ఖాళీ రోజు పెట్టుకోండి. ఆ రోజు పేరు "ఏమీ లేదు". అందులో ఏదీ రాయకూడదు.

స్పానర్_మామ
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. చలికాలం తర్వాత రోడ్డు మీద కంకర ఉంటుంది. మలుపు లోపలి అంచున, కొండ వైపు. వాన నీళ్లు దింపినవి కొన్ని, మంచు పడే చోట్ల జారకుండా వేసినవి కొన్ని. మొదటి రెండు రోజులు మలుపుల్లో బయటి నుంచే తిరుగు, కనపడే దూరంలో ఆపగలిగే వేగమే వెళ్లు. బీచ్ దగ్గర్లో గాలికి ఇసుక కూడా రోడ్డెక్కుతుంది, అది కంకర కంటే మోసకారి, తారు రంగులోనే కలిసిపోతుంది.

కొత్తక్లచ్
బీచ్ మీద బండి నడపొచ్చా? ఫోటోకి.

స్పానర్_మామ
నడుపు. మర్నాడు బేరింగులు నా దగ్గరికి తీసుకురా.

వెనకసీటు
మామ ముక్కుసూటిగా చెప్పారు గానీ నాకు అసలు భయం పోటుతో. మావారు ఒకసారి గట్టిగా కనపడుతున్న ఇసుక మీద సైడ్ స్టాండు వేసి టీకి వెళ్లారు. వచ్చేసరికి స్టాండు సగం దిగి బండి పడుకుంది, నీళ్లు ముందు చక్రం దాకా వచ్చాయి. నలుగురు కలిసి లాగారు. పోటు వేళలు ప్రతి ఊరికీ ముందే లెక్కగట్టి ఉంటాయి, చూసుకుంటే చాలు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు, అంటే రోజురోజుకీ యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటుకి మునిగే రోడ్డు నిన్న మూడింటికి తేలింది కదా అని ఈరోజూ మూడింటికే వెళ్తే కుదరదు. ఫ్రాన్స్‌లో నువార్‌మూటియే దీవికి పోయే పసాజ్ ద్యు గువా అనే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు రోజుకి రెండుసార్లు మునుగుతుంది. మధ్యలో చిక్కుకున్నవాళ్లు ఎక్కడానికి ఎత్తు గుంజలు పాతి పెట్టారు. మనిషి ఎక్కుతాడు, బండి ఎక్కదు.

సగం_ట్యాంకు
మా దారిలో ఒక నదీముఖం దగ్గర పంటు మీద దాటాలి. బండ్లు ఎలా కట్టాలి? సెంటర్ స్టాండా, సైడ్ స్టాండా?

మట్టిరోడ్డు
పది నిమిషాల దాటుడే అయితే దిగకు. బండి మీదే కూర్చుని ముందు బ్రేకు పట్టుకో.

స్పానర్_మామ
పది నిమిషాలకి సరే. గంటకి పైన అయితే సైడ్ స్టాండు, మొదటి గేరు, ముందు బ్రేకు లివర్‌కి రబ్బరు బ్యాండు. తాడు సీటు మీద నుంచి రెండు పక్కలా కిందికి లాగి కట్టు, సీటు మీద తువ్వాలు వేసి కట్టకపోతే రెక్సిన్ చిరుగుతుంది. సెంటర్ స్టాండు మీద పెడితే అల ఊపుకి ముందుకి దొర్లుతుంది.

ఎదురుగాలి
ఇక్కడ నేను మామతో ఒప్పుకోను. నాలుగు వైపులా మంచి బెల్టులు ఉంటే సెంటర్ స్టాండు మీదే నిలకడగా ఉంటుంది, నేను రాత్రంతా ఓడలో అలాగే తీసుకెళ్లా.

స్పానర్_మామ
నాలుగు వైపులా మంచి బెల్టులు ఉన్న ఓడ నువ్వు చూశావు. నేను చూసినవాటిలో తడిసిన తాడూ, దాన్ని విసిరేసి పోయే కుర్రాడూ ఉన్నారు. వదులుగా కట్టేదయితే సైడే.

ఎక్కే దిగే పలక మాత్రం ఇద్దరికీ ఒకటే. తడి ఇనుము, దాని మీద డీజిలు. నిటారుగా, నిదానంగా, బ్రేకు ముట్టుకోకుండా.

లెక్కల_మాస్టారు
పెట్రోలు. మీ షీటులో ట్యాంకు మొత్తం లెక్కేశారు. 13 లీటర్లకి లీటరుకి 30 అయితే 390 అని రాసుకున్నారు. సామానుతో, ఎదురుగాలిలో 25 రావచ్చు. రెండు లీటర్లు అడుగున వదిలేయండి. మిగిలేది 275. ఇద్దరిలో తక్కువ వెళ్లే బండి లెక్కే ఇద్దరి లెక్క. సగం అయినప్పుడు బంకు కనపడితే నింపేయడం అలవాటు చేసుకోండి, మీ పేరు ఇక్కడ పనికొచ్చింది.

వెనకసీటు
తమ్ముడితో ముందే మాట్లాడుకోండి, ఎవరు ముందు, ఎవరు వెనక అని. తక్కువ అలవాటున్నవాడు ముందు ఉండాలి, లేకపోతే వెనకవాడు అందుకోవాలని తన శక్తికి మించి తోలతాడు. దారి మళ్లే ప్రతిచోటా ముందువాడు ఆగి వెనకవాడు కనపడ్డాకే కదలాలి. ఫోన్లలో మ్యాపు సిగ్నల్ లేకపోయినా తెరుచుకునేలా దించిపెట్టుకోండి, కొండ చాటున సిగ్నల్ ఉండదు. బరువు సామాను టాప్ బాక్సులో కాదు, కింద, మధ్యలో. వెనక ఎత్తున బరువుంటే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఆడుతుంది, పక్కగాలి కూడా దాన్నే పట్టుకుంటుంది.

కొత్తక్లచ్
పంక్చరు అయితే?

స్పానర్_మామ
ట్యూబ్‌లెస్ అయితే స్ట్రిప్ కిట్ (కంతలో కుక్కే రబ్బరు పట్టీలు), చిన్న పంపు, పది నిమిషాలు. ట్యూబు టైరైతే లివర్లు, కొత్త ట్యూబు, గంట సేపు, ఇద్దరు మనుషులు. ఇంట్లో ఒకసారి చేయకుండా రోడ్డు పక్కన మొదటిసారి చేయొద్దు. గాలి పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకో, సామానుతో ఎంత ఉండాలో బండి పుస్తకంలో వేరేగా రాసి ఉంటుంది.

సగం_ట్యాంకు
మూడు రోజులు ఆలోచించాను. షీటు కొట్టేసి మళ్లీ వేశా.

తీరం మొత్తం వద్దు. మొదటి 900 కి.మీ. మాత్రమే, నాలుగు రోజులు, రోజుకి 225. ఐదో రోజు "ఏమీ లేదు". ఆరో రోజు ఆ ఊరి నుంచి లోపలి హైవే పట్టుకుని 500, ఇంటికి. మొత్తం 1,400. గాలి మా వీపు మీద ఉండేలా మొదలుపెట్టే చివర మార్చాం, సముద్రం అవతలి పక్కకి పోయింది, తమ్ముడు మాత్రం ఫోటోల కోసం ఏడుస్తున్నాడు. బ్యాటరీ నాది 12.1 చూపించింది, మార్చేశాం. తమ్ముడి వెనక టైరు మీద 0817 అని ఉంది. అదీ మార్చాం. సామాను ఎక్కించి 200 కి.మీ. తిరిగొచ్చాం మామా. నా టాప్ బాక్సు బోల్టు ఒకటి ఎక్కడ పడిపోయిందో ఇప్పటికీ తెలీదు.

మిగిలిన 600 ఇంకో వసంతానికి.

స్పానర్_మామ
బోల్టుకి లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) పెట్టు, నీలం రంగుది. ఎర్రది కాదు.

మట్టిరోడ్డు
0817! నా బండికేసి చూస్తే 3315 ఉంది. మామా, రేపు ఉంటావా?

సగం_ట్యాంకు
రెండో రోజు, మధ్యాహ్నం పన్నెండున్నర. పొద్దున ఎనిమిదికి బయల్దేరి 130 కి.మీ. వచ్చాం. పెద్ద వంతెన ఒకటి ఉంది, దాని ముందు గాలి ఎంతుందో చూపే గుడ్డ సంచీ పూర్తిగా అడ్డంగా లేచి నిలబడింది. ముందు వెళ్లిన వ్యాను వంతెన మధ్యలో లేన్ మారిపోయింది, దానంతట అదే. తమ్ముడు నా వైపు చూశాడు, నేను ఇంజన్ ఆపేశా. ఇప్పుడు బండ్లు రెండూ గోడ చాటున ఉన్నాయి, తమ్ముడు రెండో జత గ్లవ్స్ తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. "ఏమీ లేదు" రోజు రెండో రోజే వాడేసేలా ఉన్నాం.

వెనకసీటు
ఐదు దాటాక మళ్లీ చూడండి. తగ్గకపోతే అక్కడే గది వెతుక్కోండి, చీకట్లో దాటొద్దు.

సగం_ట్యాంకు
గది దొరికింది అక్కా. బండ్ల మీద రెండు బకెట్లు నీళ్లు పోశాం, చైనుకి లూబ్ వేశా. తమ్ముడు లేచాడు, షీటు అడుగుతున్నాడు. ఇవ్వను.